పాత పికప్ వెనక పాత బండి: ర్యాలీకి ముందు పదకొండు వారాలు

ఫిబ్రవరి 14, 15 తేదీల్లో జరిగిన పాత మోటార్ సైకిళ్ల ర్యాలీకి నా పాత బ్రిటిష్ మోటార్ సైకిల్ బీఎస్ఏ ఎం20ని ట్రెయిలర్ మీద వేసి, పాత పికప్‌తో లాక్కుని వెళ్లి, 16న తిరిగొచ్చాను. పోను 310 కిలోమీటర్లు, రాను 310. ర్యాలీలో బండి నడిచింది మొత్తం 164 కిలోమీటర్లు. పికప్ నడిచిన దూరం దానికి దాదాపు నాలుగింతలు. తయారీకి పట్టిన రోజులూ, అయిన ఖర్చూ కూడా ఇంచుమించు అదే పాళ్లలో ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు బండిని అద్దంలా తుడిచి, లాక్కెళ్లే వాహనానికి డీజిలు పోసి బయల్దేరుతుంటారు. ఆ వాహనం వయసు ఇరవై ఎనిమిదేళ్లయితే అలా కుదరదు.

నవంబర్ 30న దరఖాస్తు పంపాను. తయారైన సంవత్సరం, సీసీ, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రెండు పక్కల నుంచి ఫొటోలు అడిగారు. నంబర్లు పెయింటు కింద పూడిపోయి ఉంటే ముందే శుభ్రం చేసి ఫొటో తీసి పెట్టుకోండి, పరిశీలనలో మళ్లీ చూస్తారు. పేరు ఖాయమైందని జవాబు రావడానికి 19 రోజులు పట్టింది. నేను ఆ జవాబు కోసం ఆగలేదు. దరఖాస్తు పంపిన రోజే ఖాళీ ట్రెయిలర్ తగిలించి, ఎత్తుపల్లాలున్న రోడ్డు మీద 40 కిలోమీటర్లు తిప్పాను.

ఆ తిప్పుడులో నాలుగు సంగతులు రాసుకున్నాను. ఎత్తు ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు సగం దాటి ఇంకా పైకి పోయింది. గంటకు 55 కిలోమీటర్ల దగ్గర యాక్సిలరేటర్ తొక్కితే నేలలోంచి అదురు, వదిలేస్తే మాయం. ట్రెయిలర్ కుడి హబ్ (చక్రం మధ్య గుండ్రటి భాగం) చెయ్యి పెట్టలేనంత కాలింది. బ్రేకు తొక్కినప్పుడల్లా ట్రెయిలర్ ఇండికేటర్ మసకబారింది. బరువు వేసి చూస్తే తప్ప పాత వాహనం తన జబ్బు చెప్పదు. ఇంటి దగ్గర నిలబెట్టి ఎంతసేపు రేస్ చేసినా ఈ నాలుగింటిలో ఒక్కటీ బయటపడేది కాదు.

డిసెంబర్ 3న రేడియేటర్ పట్టుకున్నాను. ఇంజిన్ బాగా వేడెక్కాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కోర్ (నీళ్లు పారే సన్న గొట్టాల వరస) అంతా గళ్లుగళ్లుగా చూశాను. మధ్యలో 88 డిగ్రీలు, కుడివైపు కింది మూలలో 50. చల్లగా ఉన్న చోట నీళ్లు పారడం లేదని, గొట్టాలు గారతో పూడిపోయాయని దాని అర్థం. ఇత్తడి, రాగి రేడియేటర్ అయితే పై ట్యాంకు ఊడదీసి సన్నటి రాడ్లతో గొట్టాలు పొడిపించుకోవచ్చు. నాది పొడిపిస్తే రెండు చోట్ల కారింది. గోడ అంత పల్చబడిన కోర్‌కి అతుకులు వేయిస్తే ఘాట్ మీద మళ్లీ అక్కడే విచ్చుకుంటుంది. కొత్త కోర్ వేయించాను, తొమ్మిది రోజులు ఆగాల్సి వచ్చింది.

ఆ తొమ్మిది రోజులు వృథా పోలేదు. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) తీసి నీళ్ల గిన్నెలో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి వేడి చేశాను. తెరుచుకోవాల్సిన వేడి 82 డిగ్రీలని దాని మీద ఉంది, 90 దాటాక గానీ కదల్లేదు. పూర్తిగా మరిగే నీళ్లలో కూడా నాలుగు మిల్లీమీటర్లే తెరుచుకుంది. కొత్తది అదే గిన్నెలో ఎనిమిది తెరుచుకుంది. థర్మోస్టాట్ తీసి పారేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందని చాలామంది చెబుతారు, ఆ మాట వినకండి. బైపాస్ దారి ఉన్న ఇంజిన్లలో అది తీసేస్తే కొంత నీరు రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. ఎత్తు మీద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. మామూలు రోడ్డు మీద డీజిల్ ఇంజిన్ కావలసిన వేడికి రాక పొగ కక్కుతుంది.

అసలు దొంగ మాత్రం ఇంకొకటి దొరికింది. ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన రేకు తొడుగు లేదు. ఎప్పుడో ఎవరో రిపేరులో విప్పి తిరిగి పెట్టలేదు. తొడుగు లేని ఫ్యాన్ రేడియేటర్ గుండా గాలి లాగదు, తన రెక్కల అంచుల దగ్గరున్న వేడి గాలినే తిప్పి తిప్పి కొడుతుంది. గంటకు 60లో ఎదురు గాలి వల్ల ఈ లోటు తెలియదు. బరువు లాగుతూ 20లో ఎక్కేటప్పుడు తెలుస్తుంది. రేకు కత్తిరించి, రెక్కల వెడల్పులో సగం తొడుగు లోపల ఉండేలా, అంచుకీ రెక్కకీ మధ్య రెండు సెంటీమీటర్ల సందు వదిలి చేయించాను. ఒక్క రోజు పని, రేకు ఖర్చు లెక్కలోకే రాదు. సందు మరీ తగ్గించకండి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, రెక్క పోయి రేకుకి తగులుతుంది.

రేడియేటర్ మూత కూడా మార్చాను. 0.9 బార్ మూత సరిగ్గా పట్టుకుంటే లోపలి నీరు 118 డిగ్రీల దాకా మరగదు, స్ప్రింగు చచ్చిన మూత ఉంటే నూటికే మరిగి పొంగుతుంది. హోస్‌లు, బెల్టు కొత్తవి వేసి, కూలెంటూ శుద్ధిచేసిన నీళ్లూ సగం సగం పోశాను. పోసేటప్పుడు హీటర్ వాల్వ్ తెరిచి ఉంచాలి. లేకపోతే అందులో గాలి బుడగ ఇరుక్కుని, మొదటి ఎత్తులోనే ముల్లు లేస్తుంది.

అదురు సంగతి డిసెంబర్ 14న తేలింది. ఇంజిన్ తిప్పుడును వెనక చక్రాలకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి వెనక కొసన మడిచే జాయింట్ (క్రాస్) ఉంటుంది, దాని కప్పుల చుట్టూ ఇటుక పొడి లాంటి ఎర్ర దుమ్ము ఉంది. లోపల గ్రీజు ఎండి సూది బేరింగులు తుప్పు పట్టి అరుగుతున్నాయంటే ఆ దుమ్మే సాక్ష్యం. షాఫ్ట్ విప్పే ముందు రెండు కొసల్లోనూ, మధ్య జారుడు జాయింట్ దగ్గరా పెయింటుతో గుర్తులు పెట్టాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయితే కొత్త క్రాస్ వేసినా అదురు పోదు. కప్పు దిగేటప్పుడు సర్‌క్లిప్ (కప్పు జారకుండా పట్టే రింగు) గాడి పూర్తిగా కనపడకపోతే సుత్తితో కొట్టకండి. లోపల ఒక సూది పడుకుని ఉంటుంది, కప్పు తీసి గ్రీజుతో సూదులన్నీ నిలబెట్టి మళ్లీ నొక్కాలి. నాకు మూడో కప్పులో ఇదే జరిగింది. క్లచ్ పరీక్షలో నెగ్గింది: టాప్ గేర్‌లో 40 మీద పూర్తిగా తొక్కినా ఇంజిన్ ఒంటరిగా పరిగెత్తలేదు.

డిసెంబర్ 21న ట్రెయిలర్ హబ్‌లు. కుడివైపు లోపలి బేరింగు కప్పు (బయటి రింగు) నీలి రంగుకి తిరిగింది. అంత కాలడానికి కారణం గ్రీజు లేకపోవడం కాదు, గ్రీజు నిండుగానే ఉంది. కిందటిసారి నట్టును గట్టిగా బిగించి వదిలేశారు. టేపర్ బేరింగును అలా బిగించకూడదు. హబ్‌ను తిప్పుతూ బరువు తగిలేదాకా బిగించి, వదులు చేసి, మళ్లీ వేళ్లతో ఆనించి, స్ప్లిట్ పిన్ను దూరే దగ్గరి గాడికి వెనక్కి తిప్పాలి. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట చేతికి తెలిసీ తెలియనట్టుండాలి. కప్పూ, రోలర్లుండే లోపలి కోనూ జతగానే మార్చాలి, పాత కప్పులో కొత్త కోను వేస్తే నెలలు కూడా రాదు. రెండు వైపులా బేరింగులు, సీళ్లు మార్చాను. లిథియం గ్రీజు అరచేతిలో వేసుకుని, బేరింగు వెడల్పు అంచును దాంట్లోకి నొక్కుతూ, అవతలి వైపు రోలర్ల మధ్య నుంచి గ్రీజు బయటికి వచ్చేదాకా ఎక్కించాలి. పైపైన పూస్తే లోపలికి చేరదు.

బ్రేకుల దగ్గరే ఎక్కువ ఆగాల్సి వచ్చింది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పీల్చుకున్నాక 155కే మరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు పెడల్ అడుగంటేది అందుకే. ఆయిల్ మార్చడానికి కూర్చుంటే వెనక వీల్ సిలిండర్ల దుమ్ము రబ్బర్ల వెనక తడి కనిపించింది, రెండూ మార్చాను. ముందు కుడి చక్రం బ్రేకు వదిలాక కూడా పట్టుకునే ఉంది. ఫ్లెక్సిబుల్ హోస్ పైకి బాగానే ఉంది, లోపలి రబ్బరు ఉబ్బి సందు మూసుకుపోయింది. తొక్కితే ఒత్తిడికి ఆయిల్ వెళ్తుంది, తిరిగి రాలేదు. బ్లీడ్ నిపుల్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) వదిలితే చక్రం వెంటనే ఫ్రీ అయింది కాబట్టి తప్పు హోస్‌దేనని తేలిపోయింది. ఆ మోడల్ హోస్‌లు దొరకడానికి మూడు వారాలు పట్టింది, జనవరి 13న వచ్చాయి. పాత వాహనానికి ఏదైనా రబ్బరు సామాను కావాలంటే మొదటి వారంలోనే చెప్పి పెట్టండి.

మొత్తం ఖర్చులో సగం టైర్లకే పోయింది. ట్రెయిలర్ టైర్ల మీద డాట్ అక్షరాల చివర 2214 అని ఉంది, అంటే 2014లో 22వ వారం. గాడులు కొత్తవాటిలా ఉన్నాయి, పక్క గోడల మీద మాత్రం సన్నటి పగుళ్లు. ట్రెయిలర్ టైరు అరిగి చావదు, వయసు మీద పడి చస్తుంది. ట్రెయిలర్‌కి రెండూ, ఒక స్టెప్నీ, పికప్ వెనక రెండూ కొన్నాను. స్టెప్నీ ఒకటుంటే చాలదని ఇంటి దగ్గరే విప్పి చూశాను కాబట్టి తెలిసింది. పికప్ నట్లు 21 పానాకి, ట్రెయిలర్ నట్లు 19 పానాకి. పికప్ జాకీ, గాలి పోయిన ట్రెయిలర్ యాక్సిల్ కిందికి దూరలేదు. పొట్టి జాకీ ఒకటీ, దాని కిందికి మందపాటి చెక్క ఒకటీ వేసుకున్నాను.

ఇండికేటర్ మసకబారడం ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి) జబ్బు. ఏడు పిన్నుల ప్లగ్‌లో మూడో పిన్ను, తెల్ల వైరు. బల్బు వెలుగుతుండగా బల్బు హోల్డర్ లోహానికీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య మీటర్ పెడితే 2.8 వోల్టులు చూపించింది. 0.2 దాటకూడదు. ట్రెయిలర్ ఇనుమునే ఎర్త్‌గా వాడుకుంటే పెయింటు, తుప్పు, కప్లర్ (ట్రెయిలర్‌ను పికప్‌కి తగిలించే కొండి) గ్రీజు అన్నీ దారికి అడ్డమే. ప్రతి లైటుకూ విడిగా తెల్ల వైరు లాగి మూడో పిన్నుకి కలిపాను. మీటర్ 0.1కి దిగింది. పూట పని, వైరు ఖర్చు మాత్రమే. ఈ పదకొండు వారాల్లో పెట్టిన ఖర్చుకి ఇంతకంటే ఎక్కువ ఫలితం దేంట్లోనూ రాలేదు.

బండి విషయంలో నేను చేసిన తప్పు ఒకటే: వేడి పరీక్ష చివరకి వదిలేశాను. జనవరి 10న ఎం20ని 45 నిమిషాలు ఆపకుండా నడిపి ఆపాను. మళ్లీ స్టార్ట్ కాలేదు. 40 నిమిషాలు చల్లారాక రెండో కిక్కుకే అందుకుంది. ఇలా చేస్తే కార్బురేటర్ జోలికి పోకండి, అది మాగ్నెటో, అంటే బ్యాటరీ లేకుండా స్పార్కుకి కరెంటు పుట్టించే పరికరం. అందులో తిరిగే ఆర్మేచర్ మీది తీగ చుట్టకున్న పాత లక్క ఇన్సులేషన్ వేడికి మెత్తబడి లోపలే షార్ట్ అవుతుంది, లేదా అందులోనే ఉన్న కండెన్సర్ పోతుంది. రెండూ ఒకేసారి చేయించడమే మేలు, ఎందుకంటే కండెన్సర్ దాకా వెళ్లాలంటే ఆర్మేచర్ బయటికి రావాల్సిందే. జనవరి 11న పంపిస్తే ఫిబ్రవరి 4న చేతికొచ్చింది, 24 రోజులు. ఆ రోజుల్లో ప్రతి ఉదయం పికప్ పని చేస్తున్నా మనసంతా ఆ పార్సిల్ మీదే ఉండేది. వచ్చాక పాయింట్ల (తెరుచుకుని స్పార్కు పుట్టించే కాంటాక్టుల) సందు 0.3 మిల్లీమీటర్లకు పెట్టి, పాయింట్ల మధ్య పల్చటి కాగితం పెట్టి అది జారే క్షణం చూసి టైమింగ్ కట్టాను. గంట సేపు నడిపి, ఆపి, వేడి మీదే మూడుసార్లు స్టార్ట్ చేశాను. మూడుసార్లూ అందుకుంది.

ఇంకొకటి. ఈ ఇంజిన్‌కి ఆయిల్ విడిగా ట్యాంకులో ఉంటుంది. వారాలు నిలబెడితే పంపు గుండా మెల్లగా కారి ఇంజిన్ అడుగునుండే క్రాంక్ కేసులోకి దిగిపోతుంది. ట్యాంకులో ఆయిల్ తగ్గిందని పైన పోసేస్తే రెట్టింపవుతుంది, స్టార్ట్ చేయగానే బ్రీదర్ (ఇంజిన్ గాలి రంధ్రం) నుంచి కక్కుతుంది. కేసు అడుగు నుంచి వంపి చూస్తే 600 మిల్లీలీటర్లు వచ్చింది. అది తీసేశాకే ట్యాంకు మట్టం సరిచేశాను.

ఫిబ్రవరి 12న లోడింగ్. ఎం20 బరువు 167 కిలోలు, ట్రెయిలర్ 190, పనిముట్లు, స్టెప్నీ కలిపి 35. మొత్తం 392. ఇందులో పది శాతానికి దగ్గరగా ట్రెయిలర్ ముక్కు మీద పడాలి, తక్కువైతే వేగం మీద తోక ఊపడం మొదలుపెడుతుంది. బరువు తూచే చిన్న యంత్రాన్ని కప్లర్ కింద, పికప్ వెనక కప్లర్ కూర్చునే హిచ్ బాల్ ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తున చెక్కల మీద పెట్టి తూచాను. 18 కిలోలే వచ్చింది. బండి ముందు చక్రం ఆనే అడ్డు (చోక్)ను 22 సెంటీమీటర్లు ముందుకు జరిపితే 35కి పెరిగింది. ఊహ మీద వదిలేయకుండా తూచి తీరాల్సిన సంగతి ఇది.

కట్టడానికి నాలుగు రాచెట్ బెల్టులు. ముందు రెండూ హ్యాండిల్‌కి కాకుండా ఫ్రేము మెడకి మెత్తటి లూపులతో వేశాను, హ్యాండిల్ క్లాంపులో తిరిగిపోతుంది. ముందు చక్రాన్ని పట్టే గర్డర్ ఫోర్కు లింకులకు అసలు తగిలించకూడదు. ఫోర్కు స్ప్రింగు సగం కిందికి దిగేదాకా లాగితే చాలు. వెనక సస్పెన్షన్ లేని ఫ్రేము కాబట్టి వెనక బెల్టులు సులువు. స్టాండ్ పైకి తీసి, గేర్‌లో ఉంచి, పెట్రోల్ ట్యాప్ కట్టేసి, కార్బురేటర్ గిన్నె ఖాళీ చేశాను. బెల్టును ఒక మెలిక తిప్పి కడితే గాలికి మోగదు. సేఫ్టీ గొలుసులు కప్లర్ కింద అడ్డంగా దాటించి తగిలించాలి, కప్లర్ ఊడితే ముక్కు నేలకి తగలకుండా ఆ ఊయలలో పడుతుంది.

13న తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాను. 20 కిలోమీటర్ల దగ్గర ఆపి చూస్తే నాలుగు బెల్టులూ వదులయ్యాయి, ఒక్కోటి రెండేసి క్లిక్కులు బిగిశాయి. 60 దగ్గర చక్రాల నట్లు చూస్తే ట్రెయిలర్‌వి రెండు పావు చుట్టు తిరిగాయి. కొత్త టైర్లు వేసిన ప్రతిసారీ ఇది చూసుకోవాలి. ఆగిన చోటల్లా హబ్‌ల మీద థర్మామీటర్ పెట్టాను, 41, 43 దాటలేదు. 14 కిలోమీటర్ల ఘాట్‌ను రెండో గేర్, మూడో గేర్‌లో ఇంజిన్ బిగుసుకోకుండా ఎక్కించాను. ముల్లు సగం మీద నిలబడింది. నవంబర్‌లో భయపెట్టిన ముల్లే అలా కదలకుండా ఉంటే నాకు గుండె నిండిపోయింది. ఎక్కిన గేర్‌లోనే దిగాను, బ్రేకు వాసన రాలేదు. మొత్తం ఏడు గంటల 40 నిమిషాలు. ఖాళీగా లీటరుకు 12 ఇచ్చే పికప్ ట్రెయిలర్‌తో తొమ్మిదిన్నర ఇచ్చింది.

సాంకేతిక పరిశీలన క్యూలో రెండు గంటలకు పైగా నిలబడ్డాను, పరిశీలన పది నిమిషాల్లో ముగిసింది. కాగితాలు, నంబర్లు, స్పోకులు, హ్యాండిల్ బేరింగుల ఆట, రెండు బ్రేకులు, హారను, లైట్లు చూశారు. హ్యాండిల్‌ను రెండు కొసలకీ తిప్పి, రెండు చోట్లా యాక్సిలరేటర్ వదిలితే దానంతటది వెనక్కి వస్తుందా అని చూశారు. కేబుల్ పొట్టిగా ఉన్నవాళ్లు అక్కడే దొరికిపోయారు. ఆయిల్ కారే బండ్లకి కింద ట్రే పెట్టమన్నారు, నేను తీసుకెళ్లిన పాత ట్రే సరిపోయింది.

ఈ ర్యాలీ ఎవరు ముందొస్తారనే పోటీ కాదు, ఇచ్చిన సగటు వేగాన్ని తప్పకుండా నడిపే పోటీ. గంటకు 36 కిలోమీటర్ల సగటు ఇచ్చారు. అంటే కిలోమీటరుకి సరిగ్గా వంద సెకన్లు, నోటి లెక్కకు అందుతుంది. సగటు 40 అయితే 90 సెకన్లు, 30 అయితే 120. ఈ చిన్న పట్టిక రాసి ట్యాంకు మీద అంటించుకుంటే వాచీ చూస్తూ నడపొచ్చు. నిర్వాహకులు కొలిచిన పది కిలోమీటర్ల దారిలో నా మీటర్ 9.6 చూపించింది. రోడ్ బుక్‌లో (మలుపులూ దూరాలూ రాసిచ్చే పుస్తకంలో) 25 అని ఉన్న మలుపు నా మీటర్ మీద 24 దగ్గర వస్తుంది. రాత్రే కూర్చుని అన్ని దూరాలూ నా మీటర్ లెక్కలోకి మార్చి పక్కన రాసుకున్నాను. ఈ పని చేయని వాళ్లు రెండో గంటకే మలుపులు తప్పారు.

మొదటి రోజు 92 కిలోమీటర్లు. అరగంట తర్వాత బండి తిండి అందనట్టు ముక్కడం మొదలుపెట్టింది. పెట్రోల్ మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూతలోని గాలి రంధ్రం పాలిష్ పేస్టుతో పూడింది. సూదితో పొడిస్తే సరిపోయింది, ఆరు నిమిషాలు పోయాయి. బండి మెరిపించాక ఆ రంధ్రం తప్పకుండా చూడండి. మూడు చెక్ పాయింట్ల దగ్గరా ఇంజిన్ ఆపించారు, మాగ్నెటో మూడుసార్లూ వేడి మీదే పలికింది. రెండో రోజు 72 కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా, పొలాల మధ్య, ముందు ఒకటి వెనక ఒకటి పాత ఇంజిన్ల చప్పుడు వింటూ సాగాయి. ఆ ఉదయం కోసం మళ్లీ పదకొండు వారాలు పెడతాను.

16న తిరుగు దారిలో ట్రెయిలర్ కుడి టెయిల్ బల్బు పోయింది. టెయిల్, బ్రేకు రెండూ ఒకే బల్బులో ఉండే రకానికి పక్క పిన్నులు ఎత్తు తేడాతో ఉంటాయి, చీకట్లో తిరగేసి దూర్చబోతే హోల్డరు వంగుతుంది. టార్చి వేసి చూసి పెట్టాను.

ఇంటికొచ్చాక బండి కార్బురేటర్ మళ్లీ ఖాళీ చేశాను. ట్రెయిలర్‌ను చెక్కల మీద ఎత్తి టైర్ల మీద బరువు తీసేశాను. 18న పికప్ కింద దూరి చూస్తే వెనక ఎడమ యాక్సిల్ సీలు దగ్గర హౌసింగ్ ఆయిల్ చెమ్మ కనిపించింది. బ్రేకు డ్రమ్ము విప్పాను, ఆయిల్ ఇంకా బ్రేకు లైనర్ దాకా రాలేదు. సీలు చెప్పి పెట్టాను, వారం పడుతుందన్నారు.